బెల్ట్ ఆగదు

జేబులో యూరో బిళ్ళ ఉందా? తడిమి చూడండి. యాభై సెంట్లదైనా, రెండు యూరోలదైనా పరవాలేదు. నోటు పనికిరాదు. కార్డూ పనికిరాదు.

శనివారం సాయంత్రం, జర్మనీలోని ఎస్సెన్ నగరం. సన్నగా తుంపర పడుతోంది. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆల్డీ దుకాణం బయట ట్రాలీలు ఒకదానిలో ఒకటి దూరి, గొలుసులతో కట్టేసి ఉన్నాయి. పిడి దగ్గరున్న చిన్న పెట్టెలోకి బిళ్ళ నెడితేనే గొలుసు ఊడుతుంది. బండి వెనక్కి తెచ్చి గొలుసు తగిలిస్తే మీ బిళ్ళ మీకు వచ్చేస్తుంది. అందుకే ఈ పార్కింగ్‌లో ట్రాలీలు పోగుచేసే మనిషంటూ ఎవరూ కనిపించరు. వానలో తడుస్తూ ఎవరి బండి వాళ్ళే తెచ్చి పెడుతున్నారు.

ఇంకో అరగంటలో షాపు మూసేస్తారు. రేపు ఆదివారం, ఊరంతా మూతే. ఆదివారం విశ్రాంతి దినమన్న మాట ఇక్కడ రాజ్యాంగంలోనే ఉంది. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాసుకున్న ఆ వాక్యాన్ని ఇప్పటి రాజ్యాంగం కూడా అలాగే ఉంచుకుంది. రేపు తెరిచి ఉండేవి స్టేషన్లో దుకాణాలూ, పెట్రోలు బంకులూ, పొద్దున కాసేపు బేకరీలూ. అక్కడి ధరలకు మీ వారం బడ్జెట్ ఒక్క పూటకు సరిపోతుంది. గదిలో ముగ్గురున్నారు. వారానికి సరిపడా సరుకులు ఇప్పుడే, ఇక్కడే కొనాలి.

బండి తీసుకోవాలా, చేతులతో సర్దుకోవాలా? లోపల చేతిబుట్టలు లేవు. కొందరు ఖాళీ అట్టపెట్టె వెతుక్కుని అందులో వేసుకుంటున్నారు. మీకు తెలిసిన సీనియర్ ఒకాయన చెప్పిన మాట గుర్తు తెచ్చుకోండి. "నాలుగు వస్తువులు దాటితే బండి తీసుకో. తీసుకోకపోతే బిల్లు దగ్గర నీ పరువు నీ చేతిలో ఉండదు."

బిళ్ళ నెట్టండి. గొలుసు ఊడింది. లోపలికి పదండి.

ముందుగా గుమ్మం దగ్గర గోడలో ఉన్న యంత్రం. వారమంతా పోగేసిన ఖాళీ ప్లాస్టిక్ సీసాలు సంచిలో గలగలమంటున్నాయి. ఒక్కో సీసా గుండ్రటి కన్నంలో పెట్టండి. లోపల అది గిర్రున తిరిగి, నలిగిపోయిన చప్పుడు వినిపిస్తుంది. సీసాకు 25 సెంట్లు. కొన్నప్పుడే ధర మీద అదనంగా కట్టించుకున్న డబ్బు అది, ఇప్పుడు తిరిగిస్తున్నారు. మీవి పది సీసాలు. యంత్రం చీటీ చింపి ఇచ్చింది, 2.50 యూరోలు. ఆ చీటీని కోటు కుడి జేబులో పెట్టండి. ఏ జేబో మర్చిపోకండి. తర్వాత వెతికే తీరిక ఉండదు.

ఇక అరల మధ్యకు. మీ అడుగులు వాటంతటవే వేగం పుంజుకుంటున్నాయి. పాల డబ్బాలు వచ్చిన అట్టపెట్టెల్లోనే ఉన్నాయి, ముందు అట్ట మాత్రం చింపేశారు. పిండి పొట్లాలు ఏకంగా చెక్క పలక మీదే గుట్టగా ఉన్నాయి. ఎవరూ ఒక్కో పొట్లాన్నీ తీసి ముద్దుగా సర్దలేదు. ఉప్పు ఎంచుకోవడానికి నిలబడక్కర్లేదు, ఉన్నదే ఒకటి రెండు రకాలు. పెద్ద సూపర్ మార్కెట్లో ఇరవై వేల రకాలకు పైగా దొరికితే, ఇక్కడ రెండు వేలకు అటూ ఇటూ. ఏది కొనాలా అని మీరు నిలబడిపోయే నిమిషాలను అరల దగ్గరే కోసేశారు.

బాస్మతి రెండు కిలోలు. ఉల్లిపాయల వల సంచి. బంగాళాదుంపలు. శనగల డబ్బాలు మూడు. గోధుమపిండి. నూనె. విడి టమాటాలు, అరటిపళ్ళు. ఆరు సీసాల నీళ్ళ కట్ట. పాలు లీటరువి ఆరు. పది గుడ్ల అట్ట. తెరిచి చూడండి, ఒక్కటైనా పగిలి ఉందా? లేదు. మూసి, బండిలో పిల్లల్ని కూర్చోబెట్టే చిన్న అరలో పెట్టండి.

చల్లటి అరల దగ్గరికి వచ్చారు. వెన్న తీశారు. అంతలో ఫోను.

"ఎక్కడున్నావ్? అన్నం పెట్టేస్తున్నా. ఇంకెంతసేపు?"

"అయిపోయింది. బిల్లు దగ్గరికి వెళ్తున్నా."

ఫోను జేబులో వేసి బండి తిప్పారు.

కౌంటర్లు నాలుగున్నాయి. మనుషులున్నది రెండింటి దగ్గరే. మీ ముందు ఆరుగురు. ఇంతే కదా అనిపిస్తుంది. హైదరాబాద్‌లో శనివారం సాయంత్రం డీమార్ట్ లైన్లో నిలబడ్డ కాళ్ళు మీవి. ఆరుగురు మీకో లెక్కా? కానీ ముందుకు చూడండి. అక్కడి నిరీక్షణంతా లైన్లో. ఇక్కడ లైన్ ఆగేదే లేదు. ఇబ్బందంతా చివరి అర నిమిషంలో ఉంది.

కౌంటర్లో ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. ఎడమ చేత్తో వస్తువును లాగుతుంది, గాజు పలక మీదుగా జారుస్తుంది, కుడి చేత్తో అవతలికి నెడుతుంది. పీప్. పీప్. పీప్. ఒక్కో వస్తువునూ తిప్పి బార్‌కోడ్ వెతకడం లేదు. ఎలా? మీ బండిలోంచి ఒక పాల డబ్బా తీసి చూడండి. బార్‌కోడ్ ఒక మూల చిన్న బిళ్ళలా లేదు. వెడల్పుగా ఉంది, ఒక వైపు మాత్రమే కాదు. ఏ వైపు కిందికి వచ్చినా యంత్రానికి గీతలు కనిపించాల్సిందే. ఇక్కడి సరుకుల్లో ఎక్కువ భాగం దుకాణం సొంత పేర్లతో తయారయ్యేవే. కాబట్టి డబ్బా మీద ఏది ఎక్కడ అచ్చువేయాలో వాళ్ళ ఇష్టం.

అసలు ఈ గీతలు రాకముందు ఈ వేగం ఉండేదా? ఉండేది. ప్రపంచంలో మొదటి బార్‌కోడ్ బిల్లు 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయోలో పడింది. కొన్న వస్తువు చూయింగ్ గమ్ ప్యాకెట్టు. ఆల్డీ మాత్రం జర్మనీలో ఇంకో పాతికేళ్ళు ఆ గీతల జోలికి పోలేదు. దక్షిణాది శాఖల్లో కౌంటర్ మీద కూర్చున్నవాళ్ళు ప్రతి వస్తువు ధరనూ కంఠతా పట్టేవాళ్ళు. ఉత్తరాది శాఖల్లో ఒక్కో వస్తువుకూ మూడంకెల నంబరు. కళ్ళు బెల్ట్ మీద, వేళ్ళు మీటల మీద. మీ ముందున్న ఆవిడ కుడి చెయ్యి చూడండి. పక్కన అంకెల మీటలున్నాయి. ఒకేరకం డబ్బాలు వరసగా వస్తే ఒక్కదాన్నే స్కాన్ చేసి అంకె కొడుతోంది. మీటల వైపు తల తిప్పడం లేదు.

బెల్ట్ మీద చోటు ఖాళీ అయింది. ముందు మనిషి సరుకుల వెనక అడ్డంగా ప్లాస్టిక్ పట్టీ పెట్టండి. ఇప్పుడు మీ సరుకులు.

ఆగండి. చేతికి దొరికింది పెట్టకండి. బెల్ట్ మీద ముందున్నది బండిలో ముందు పడుతుంది. ముందు పడ్డది అడుగున ఉంటుంది. గుడ్లు ముందు పెడితే వాటి మీద ఉల్లిపాయల సంచి వచ్చి పడుతుంది. కాబట్టి నీళ్ళ కట్ట ముందు. తర్వాత పాలు, ఆరూ ఒకచోట. నూనె, బియ్యం, పిండి, దుంపలు. తర్వాత ఉల్లిపాయలు, డబ్బాలు. ఆ తర్వాత టమాటాలు, అరటిపళ్ళు, వెన్న. అన్నిటికన్నా చివర గుడ్లు. టమాటాలు తూచి చీటీ అంటించుకోవాలా? అక్కర్లేదు. స్కానర్ గాజు కిందే తూకం యంత్రం ఉంది, ఆవిడే తూస్తుంది. సీసాల చీటీ ఎక్కడ? కుడి జేబు. దాన్నీ తీసి గుడ్ల అట్ట మీద పెట్టండి.

గంట మోగింది. స్పీకర్లోంచి ఒక గొంతు. మూడో కౌంటర్ తెరుస్తున్నారట.

మీ వెనకున్న నలుగురు ఒక్కసారిగా పక్కకు మళ్ళారు. బండ్ల చక్రాలు కీచుమన్నాయి. వెళ్తారా? అక్కడ ముందు నిలబడొచ్చు. కానీ మీ సరుకులు సగం బెల్ట్ మీద ఉన్నాయి. అవన్నీ తీసి, బండిలో వేసి, అటు పరుగెత్తి, మళ్ళీ పేర్చాలి. ఈలోపు ఆ నలుగురూ వెళ్ళిపోతారు. ఉండండి. ఉన్నచోటే ఉండండి.

మీ ఎడమ చేతి పక్కన సిగరెట్ల అర ఉంది. మీరు తాగరు, చూపు ఊరికే అటు పోయింది. ఆ అర వెనక ఒక కథ ఉంది. ఈ ఎస్సెన్‌లోనే 1913లో ఆనా ఆల్బ్రెష్ట్ అనే ఆవిడ, తర్వాత ఆల్డీగా ఎదిగిన చిన్న కిరాణా కొట్టు తెరిచింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కొడుకులు కార్ల్, టియో 1946లో దాన్ని అందుకున్నారు. కొట్టు పెరిగి వందల శాఖలైంది. సిగరెట్లు అమ్మాలా వద్దా అన్న దగ్గర అన్నదమ్ములకు తేడా వచ్చింది. అవి పెడితే దొంగతనాలు పెరుగుతాయన్నది అన్న భయం. అమ్ముదామన్నది తమ్ముడి పట్టు. 1961 నాటికి దేశాన్ని అడ్డంగా పంచుకున్నారు. ఉత్తరం తమ్ముడికి, దక్షిణం అన్నకి. మీరు నిలబడ్డది తమ్ముడి వాటాలో. ఇక్కడి నుంచి పడమటికి పక్క ఊరు ముల్‌హైమ్ వెళ్తే అన్న వైపు ప్రధాన కార్యాలయం కనిపిస్తుంది.

మీ ముందు ఇక ఒక్కరే, ఒక ముసలావిడ. రొట్టె, రెండు ఆపిళ్ళు, పిల్లి తిండి డబ్బాలు నాలుగు. ఐదు సెకన్లలో స్కానింగ్ అయిపోయింది. ఆవిడ పర్సు తీసింది. జిప్పు తెరిచింది. సరిపడా చిల్లర తన దగ్గరే ఉందని ఏదో చెప్పింది. ఒక్కో బిళ్ళా వెలుతురులో తిప్పి చూసి పళ్ళెంలో పెడుతోంది.

బెల్ట్ ఆగింది. మీ వెనక ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

కౌంటర్లో ఆవిడను గమనించండి. తొందరపెట్టడం లేదు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి కూర్చుంది. ఇంతసేపట్లో ఆ చేతులు ఖాళీగా ఉండటం మీరు ఇప్పుడే చూస్తున్నారు. కొన్ని డిస్కౌంట్ దుకాణాల్లో కౌంటర్ మీద ఉన్న మనిషి ఎంత వేగంగా స్కాన్ చేస్తున్నారో యంత్రమే లెక్కగట్టి పెడుతుంది. ఆ పని చేసేవాళ్ళకు ముసలావిడ చిల్లర లెక్క చిన్న విశ్రాంతి. ఇక్కడి నుంచి కారులో గంటన్నరలోపు సరిహద్దు దాటితే నెదర్లాండ్స్. అక్కడ యుంబో అనే సూపర్ మార్కెట్ సంస్థ 2019లో ఒక కొత్త రకం కౌంటర్ పెట్టింది. తొందర లేనివాళ్ళకూ, రోజంతా మాట్లాడే మనిషి దొరకనివాళ్ళకూ అది. బిల్లు వేస్తూ కబుర్లు చెబుతారు. ఇక్కడ అలాంటిది లేదు. ఉన్నదల్లా ఈ ఆగిన బెల్టే.

చివరి బిళ్ళ పళ్ళెంలో పడింది. ముసలావిడ చీటీ మడిచి పర్సులో పెట్టుకుంది. కదిలింది.

ఇప్పుడు మీరు.

"హాలో."

మీరు నోరు తెరిచేలోపు నీళ్ళ కట్ట అవతలికి వెళ్ళిపోయింది.

బండి ఎక్కడుంది? ఇంకా మీ వెనకే ఉంది. ముందుకు లాగండి. సందు ఇరుకు. నడుము పక్కకు తిప్పి, బండిని కౌంటర్ చివరికి నెట్టండి. అంచుకు ఆనించండి. స్కానర్ అవతల బల్ల ఎంతుందో చూశారా? జానెడు. అక్కడ సరుకులు ఆగవు. ఆగే చోటు పెట్టలేదు.

నీళ్ళ కట్ట ఎత్తి పడేయండి.

పాలు. ఒకటి పీప్, ఆరు కొట్టింది. ఆరు డబ్బాలూ ఒకేసారి జారాయి. రెండు చేతులతో రెండు. మళ్ళీ రెండు. మళ్ళీ.

నూనె.

బియ్యం. బియ్యం.

చెయ్యి భుజం మీది సంచి మీదికి పోతోంది. ఊరి నుంచి తెచ్చుకున్న చీరల షాపు సంచి, గట్టిది. తెరిచి నేరుగా అందులోనే సర్దేస్తే? బరువైనవి కింద, మెత్తనివి పైన, ఇంట్లో అమ్మ సర్దినట్టు ఒద్దికగా. తెరవాలా?

వద్దు. సీనియర్ ఏమన్నాడు? "బిల్లు దగ్గర సంచి తెరిచావా, అయిపోయావ్."

చెయ్యి తీయండి.

పిండి వచ్చింది. పొట్లం మూల నలిగింది, తెల్లటి పొడి చేతికంటింది. దులపకండి.

దుంపలు.

ఉల్లిపాయలు. వల సంచి జారింది. పట్టుకోండి. పట్టుకున్నారు.

డబ్బాలు. ఒకటి. మూడు.

గేటెత్తిన కాలువలా వస్తున్నాయి.

టమాటాలు. ఒక్క క్షణం ఆగింది. తూకం. అర సెకను. ఊపిరి పీల్చండి.

అరటిపళ్ళు.

వెన్న బల్ల అంచు మీద ఉంది. పడుతోంది. మోకాలు అడ్డం పెట్టండి. ఆగింది.

వెనక బండి మీ మడమకు తగిలింది. తిరిగి చూడకండి.

గుడ్లు.

ఆవిడ గుడ్లు నెట్టలేదు. తీసి, మీ చేతికి ఇచ్చింది. చూశారా? ఇంత వేగంలోనూ ఏది నెట్టాలో, ఏది అందించాలో ఆ చేతులకు తెలుసు.

పిల్లల అరలో పెట్టండి. మెల్లగా.

సీసాల చీటీ. పీప్. 53.47 ఉన్నది 50.97 అయింది.

"కార్టె?"

తల ఊపండి. కార్డు తీయండి. ఎడమ జేబు. లేదు. లోపలి జేబు. ఉంది. యంత్రం మీద పెట్టండి.

తీసుకోలేదు.

యాభై యూరోల వరకూ తాకిస్తే చాలు, పైబడితే పిన్ కొట్టాలి. మీది యాభై దాటింది. 97 సెంట్లు దాటింది. కొత్త కార్డు. బ్యాంకువాళ్ళు పిన్ విడిగా కవర్లో పోస్టులో పంపారు. చూసి, గుర్తుపెట్టుకుని, ఎక్కడో దాచారు. అంకెలేమిటి?

వెనక ముగ్గురు. నలుగురు.

మీటల మీద వేలు. మొదటి అంకె. రెండోది. మూడోది. నాలుగోది ఏడా? ఒకటా?

ఏడు.

యంత్రం ఆలోచిస్తోంది.

ఓకే.

"బోన్?"

బిల్లు కావాలా అని. 2020 జనవరి నుంచి జర్మనీలో ప్రతి అమ్మకానికీ బిల్లు ఇచ్చి తీరాలని చట్టం. తీసుకోవడం, తీసుకోకపోవడం మీ ఇష్టం. చాలామంది తల అడ్డంగా ఊపుతారు. మీరు తీసుకోండి. చెయ్యి చాచండి.

"షోనెస్ వోహెన్‌ఎండె!" వారాంతం హాయిగా గడవాలని అంటోంది. మీతోనే అంటోంది, కళ్ళు మాత్రం అప్పుడే వెనకవాళ్ళ బీరు సీసాల మీదున్నాయి. పీప్.

తప్పుకోండి. బండి నెట్టండి.

అయిపోయింది.

కిటికీ కింద గోడ పొడవునా ఒక సన్నటి బల్ల ఉంది. బండి దాని పక్కన ఆపండి. ఇక్కడ ఎవరూ తరమరు. గుండె ఇంకా కొట్టుకుంటోంది. ఇప్పుడు తెరవండి ఆ చీరల షాపు సంచి. నీళ్ళు అడుగున, వాటి పక్కన పాలు. పలుచటి ప్లాస్టిక్ సంచులు అమ్మడం 2022 నుంచి ఈ దేశంలో నిషేధం కాబట్టి చుట్టూ అందరివీ ఇంటి సంచులే. ఒకాయన వీపు సంచిలో కుక్కుతున్నాడు. ఒకావిడ అరల్లోంచి తెచ్చిన ఖాళీ అట్టపెట్టెలో పేరుస్తోంది. దుకాణానికి ఆ అట్ట పారేసే పని కూడా తప్పింది.

బిల్లు చూడండి. వారానికి ముగ్గురి తిండి, సీసాల డబ్బు పోను 50.97. ఎలా సాధ్యమైంది?

మీ చేతులు చూడండి. మణికట్టు మీద ఉల్లిపాయల వల గీసుకున్న గీత, వేళ్ళ మీద పిండి. బండి వానలోంచి తెచ్చింది మీరు. అట్టపెట్టెలోంచి సరుకు తీసుకున్నది మీరు. బెల్ట్ మీద బరువు లెక్కన పేర్చింది మీరు. దించుకున్నది మీరు. సంచిలో సర్దుతున్నదీ మీరే. బండి తిరిగి గొలుసుకు కట్టబోయేదీ మీరే. మన ఊరి కిరాణా కొట్లో చీటీ అందిస్తే చాలు. కొట్టు మనిషే తూచి, పొట్లం కట్టి, పురికొస చుట్టి, సంచిలో పెట్టి, బస్తా ఉంటే కుర్రాణ్ణిచ్చి ఇంటికి పంపుతాడు. ఆ పనులన్నిటి ఖరీదూ ధరలోనే ఉంటుంది. ఇక్కడ ఆ పనులు ఒక్కొక్కటిగా ధరలోంచి తీసి మీ చేతుల్లో పెట్టారు. మీరు ఈ దుకాణంలో అరగంట కూలి చేశారు. కూలి డబ్బు బిల్లులోంచి తగ్గింది.

కౌంటర్ అవతల చూడండి. లైన్ పలచబడగానే ఆవిడ కుర్చీలోంచి లేచింది. కాళ్ళు చాచుకోవడానికి కాదు. చెక్క పలక మీది పాలపెట్టెలను ముందుకు లాగుతోంది, ఖాళీ అట్టలు తీస్తోంది, రొట్టెల అర దగ్గరికి పరుగు లాంటి నడకతో వెళ్తోంది. బిల్లు వేసేదీ, సరుకు దింపేదీ, నేల తుడిచేదీ షాపులో ఉన్న నలుగురైదుగురే. మీ దగ్గర ఆమె మిగుల్చుకున్న ప్రతి సెకనూ అటు ఖర్చవుతోంది. ఆ తొందర చూసి విసుగనుకున్నారా ఇందాక? ఆమెకు మీ మీద విసుగుపడే తీరికెక్కడిది?

ఈ పద్ధతి ఎస్సెన్ దాటి చాలా దూరం పోయింది. ఆల్డీ 1976లో అమెరికాలోని అయోవాలో, 1990లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో అడుగుపెట్టింది. ఇంకో జర్మన్ సంస్థ లిడ్ల్ 1994లో బ్రిటన్‌కు వచ్చింది. అక్కడున్న తెలుగు ఇళ్ళల్లో కూడా కొత్తగా వచ్చినవాళ్ళకు ఇదే పాఠం చెబుతారు. అమెరికాలో ఇంకో మెలిక ఉంది. మీ సరుకులు స్కాన్ చేసి కౌంటర్ చివర సిద్ధంగా ఉన్న వేరే ఖాళీ బండిలో వేస్తారు, మీ బండి తర్వాతివాళ్ళ సరుకులకు. బండి లాక్కునే ఆ రెండు సెకన్లు కూడా అలా మిగులుతాయి.

గుడ్ల అట్ట పైన పెట్టండి. సంచి నిండింది. అన్నీ సరిచూసుకోండి. బియ్యం, పాలు, ఉల్లి, టమాటా, వెన్న...

పెరుగు.

పెరుగు లేదు. ఫోను మోగినప్పుడు మీ చెయ్యి పెరుగు డబ్బాకు జానెడు దూరంలో ఉంది.

గోడ గడియారం చూడండి. మూయడానికి ఆరు నిమిషాలు. రేపు ఆదివారం. ముగ్గురు తెలుగువాళ్ళు, పెరుగు లేని ఆదివారం. వెళ్తారా?

సరుకులతో బండి? కొన్న సరుకులు మళ్ళీ లోపలికి తీసుకెళ్ళొచ్చు, మీ దగ్గర బిల్లుంది, చూపిస్తే సరిపోతుంది. కానీ ఇంత బరువుతో తిరిగితే ఆరు నిమిషాలు చాలవు. ఇక్కడే వదిలేస్తే?

బల్ల చివర ముసలావిడ ఇంకా తన నాలుగు డబ్బాలు సర్దుకుంటోంది. మీ మొహం చూసింది, బండి చూసింది, అర్థమైంది. వేలితో తన కన్ను చూపించి, తర్వాత మీ బండి చూపించింది. వెళ్ళమని చెయ్యి ఊపింది.

పరుగు. తలుపు. కుడి పక్క అర కాదు, చివరిది. చల్లటి అరలు. అర కిలో డబ్బానా, కిలో బకెట్టా? కిలో. తీసుకోండి.

ఇప్పుడు తెరిచి ఉన్నది ఒక్క కౌంటరే. ముగ్గురున్నారు, చివరాయన బండి నిండుగా ఉంది. అతను తిరిగి మీ చేతిలోని ఒక్క డబ్బా చూశాడు. బండి కాస్త పక్కకు లాగి, ముందుకు వెళ్ళమని తల ఊపాడు. ఆ ముందతను అది చూసి తనూ పక్కకు జరిగాడు. ఒక్క వస్తువుకు పట్టేది ఎంతసేపో ఈ లైన్లో ప్రతివాళ్ళకూ తెలుసు. అంత వేగంగా నడిచే చోట దారివ్వడానికి ఎవరికీ పెద్దగా ఖర్చవదు.

బకెట్టు బెల్ట్ మీద పెట్టండి. గీతలు కిందికి వచ్చేలా తిప్పండి. కార్డు చేతిలోకి తీసుకోండి. అదే ఆవిడ. మిమ్మల్ని గుర్తుపట్టింది, కనుబొమ్మ ఎత్తింది. పీప్. మీరు అప్పటికే కార్డు తాకించారు. పిన్ అక్కర్లేదు. ఆవిడ బోన్ అనేలోపే మీరు తల అడ్డంగా ఊపారు. ఈసారి వారాంతం హాయిగా గడవాలని ముందు అన్నది మీరు. ఆవిడ నవ్వింది, బదులిచ్చింది, చెయ్యి తర్వాతి డబ్బా మీద పడింది.

ఫోను మోగుతోంది. ఎత్తకండి. ముసలావిడ దగ్గరికి నడవండి. ఆవిడ సంచి రొట్టెతో, డబ్బాలతో బరువుగా ఉంది, బస్టాపు దాకా మీరు మోయొచ్చు.